చెరిపేసిన దీవికి చుట్టిళ్ళు

నమోదు 1

గుంపుగా సముద్రం దాటే వాళ్ళెవరైనా, ప్రయాణపు ఏర్పాట్లు మొదలైన రోజు నుంచే చిట్టా రాసి తీర మండలికి పంపాలన్నది నియమం. నియమం ప్రకారమే రాస్తున్నాను. నా పేరు పైడమ్మ. భీమిలి మెరక కాలనీలో ఉంటాను. ఇళ్ళు పోసే యంత్రం నడపడం నా పని. మా జట్టుకు నాయకురాలిని కూడా నేనే. ఎవరూ ఎన్నుకోలేదు, గొంతు పెద్దదని అప్పగించారు.

మేం వెళ్ళేది తాబేటిదీవికి. మొన్నటి తుపానుకు అక్కడ ఒక్క ఇల్లూ మిగల్లేదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళందరినీ మీరే పడవల మీద తెచ్చి మా ఊరి అవతల శిబిరంలో ఉంచారు. ముసలివాళ్ళు కొందరు మాత్రం పడవ ఎక్కేది లేదని భీష్మించుకుని అక్కడే కూర్చున్నారు. కప్పున్న ఇల్లు లేని చోటికి మనుషుల్ని తిరిగి పంపకూడదని మీ నియమం. మనుషులు వెళ్ళకుండా కప్పు ఎలా లేస్తుందో ఆ నియమంలో రాయలేదు. అందుకే మేం వెళ్ళి కట్టి వద్దామనుకున్నాం. వానలు దిగేలోపు ఇళ్ళు నిలబడితే శిబిరంలో వాళ్ళు తమ ఊరికి పోతారు. నిలబడకపోతే ఆ ముసలివాళ్ళను కూడా తెచ్చేసి, దీవిని పటంలోంచి తీసేస్తారట.

ఈవేళ సాలీడును శుభ్రం చేశాం. ఇళ్ళు పోసే యంత్రాన్ని మేం అలాగే పిలుస్తాం. ఎనిమిది కాళ్ళ మీద గుండ్రంగా తిరుగుతూ, మట్టీ సున్నమూ కలిపిన ముద్దను తాడులా వదులుతూ గోడ అల్లుకుపోతుంది. దాని మూతికి అంటి ఎండిపోయిన పెళ్ళలు గీకేసరికి గోళ్ళు అరిగాయి. తర్వాత అందరం దీవి జ్వరాలకు సూదులు పొడిపించుకున్నాం. బడి పంతులమ్మ మెహరున్ దోమతెర కట్టడం నేర్పుతానని కూర్చుని, తనే అందులో చిక్కుకుపోయింది. ఆమెను బయటికి లాగేసరికి తెర చిరిగింది. చాలా రోజుల తర్వాత కడుపుబ్బ నవ్వాం.

నమోదు 2

ఇక్కడ పొద్దున్నే గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నది కూడా అంచనాను, అంటే మండలి లెక్కల యంత్రాన్ని, అడుగుతాం. ఏ పొలంలో ఏ విత్తు వేయాలో, ఏ వైపు వల వేస్తే చేప పడుతుందో, పెళ్ళికి ఏ రోజు వాన రాదో అదే చెబుతుంది. అది తప్పడం నా చిన్నప్పటి నుంచి ఎప్పుడో తప్ప చూడలేదు. మా యంత్రాలన్నీ దాని మాట మీదే కాలు కదుపుతాయి. అందుకని సాలీడుకు ఊరి పేరు చెప్పేటప్పుడు నాకు అనుమానమే రాలేదు.

"తాబేటిదీవి" అన్నాను.

ఎనిమిది కాళ్ళూ ముడుచుకుని నేలకు కూలబడింది. "ఆ చోటు సముద్రంలో కలిసిపోతుందని అంచనా. అక్కడ ఇల్లు పోయడం కుదరదు. మరో చోటు చెప్పండి" అంది.

ఆపి మళ్ళీ నడిపాను. పేరు కాక దిక్కులు చెప్పాను. బతిమాలాను, తిట్టాను కూడా. అదే మాట.

మమ్మల్ని తీసుకెళ్ళే పడవ దాలినాయుడుది. ఆయనకు యాభై దాటాయి. ఏ పనికైనా ముందు కాదనడం ఆయన పద్ధతి. చెయ్యి నడుం మీద వేసుకుని అన్నీ చూసి, "అది కుదరదంటే కుదరదు సెల్లీ. మునిగిపోయే సోట ఇల్లు కట్టడం ఏటి, మరీ ఎర్రితనం గాకపోతే" అన్నాడు.

అప్పుడే శిబిరం నుంచి నూకరత్నం వచ్చింది. తాబేటిదీవి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. తన జనం తరఫున మాతో మాట్లాడేది ఆమే. ఆ మాట ఆమె చెవిన పడింది.

"ఎప్పుడు మునుగుతాదంట?" అని సాలీడునే అడిగింది.

"ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపు."

"నలబయ్యేళ్ళు!" అని నూకరత్నం నా వైపు తిరిగింది. అప్పా అంటే వాళ్ళ వాడుకలో అక్క. "అప్పా, నలబయ్యేళ్ళంటే నా పిల్లల పిల్లలు కూడా వలలేస్తారు. అప్పటిదాకా మేం ఎక్కడ పడుకోవాలంట? సావు ఎప్పుడో ఒకప్పుడు వస్తాదని ఈపొద్దు బువ్వ తినడం మానీసినావేటి నువ్వు?"

దాలినాయుడు తువ్వాలు దులుపుకుని పడవ వైపు నడిచాడు.

నమోదు 3

మండలి అధికారి ఒకాయన వచ్చాడు. పేరు రాయను, ఆయనకు పిల్లలున్నారు. ఎంత ఉక్కలోనైనా మడత నలగని చొక్కా వేసుకుంటాడు. మా వీధిలోనే పుట్టాడు. పెద్ద మాట మాట్లాడలేదు, కొబ్బరినీళ్ళు తాగాడు, సాలీడు కాళ్ళు తడిమి చూశాడు.

"మీ ఉత్సాహం పాడవకూడదని నా ఆశ, పైడమ్మగారూ. పగడాలదీవికి వెళ్ళండి. అంచనా ఒప్పుకున్న చోటు. యంత్రం నడుస్తుంది, భోజనాలు మావి, తిరిగొచ్చాక సన్మానం కూడా ఉంటుంది. అక్కడా కట్టేది ఇళ్ళే కదా?"

"ఆ ఇళ్ళల్లో ఎవరుంటారు?"

ఆయన కొబ్బరిబొండం పక్కన పెట్టాడు. "వస్తారు. మనుషుల కోసం చూస్తున్నాం."

"ఉండేవాళ్ళు లేని చోట ఇళ్ళు కట్టి, ఇళ్ళు లేనివాళ్ళను శిబిరంలో కూర్చోబెడతారా బాబూ?"

"నా చేతుల్లో ఏం ఉంది చెప్పండి" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. బాధపడ్డాడు కాబట్టి ఇంకా కోపం వచ్చింది నాకు. తిట్టడానికి కూడా వీలివ్వని మనిషి.

సాయంత్రానికి జట్టులో సగం మంది పగడాలదీవికి పేర్లు ఇచ్చేశారు. వాళ్ళను నేను తప్పు పట్టను. మంచి చేయాలని వచ్చినవాళ్ళు, గొడవ చేయాలని కాదు. సాలీడును కూడా వాళ్ళకే ఇచ్చి పంపాను. మాకు అదెందుకు, ముడుచుకుని కూర్చోవడానికా? పాతికేళ్ళు దాన్ని నడిపాను. అది లేకుండా ఒక్క గోడ కూడా కట్టి ఎరగను. వాళ్ళు దాన్ని బండి ఎక్కిస్తుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నూకరత్నం శిబిరానికి వెళ్తూ వెళ్తూ ఆగింది. "ఐతే మీరు రారన్నమాట."

"వస్తాం. చేతులతో కడతాం."

"మీకొచ్చా?"

"రాదు. నేర్పు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. అప్పుడు తెలిసింది, ఆమెకు మా మీద మొదటి నుంచీ నమ్మకం లేదని. "ఇదో మాట సెప్తాను, ఏటీ అనుకోకు. మేం ఇల్లు కట్టుకోవడం రానోళ్ళం కాదు. పడవెక్కనివ్వక మీ దగ్గరికొచ్చినాం. దానం అడగడానికి గాదు."

"దానం కాదు" అన్నాను.

"మరేటి?"

ఏమిటో నాకూ అప్పటికి తెలియదు. "ముందు నేర్పు" అన్నాను.

నమోదు 4

ఎర్రమట్టి దిబ్బల దగ్గర నమూనా చుట్టిల్లు కట్టాం. కూలిపోయింది.

నమోదు 5

నిన్నటి చిట్టా మరీ పొట్టిగా ఉందని మీ నుంచి కబురొచ్చింది. సరే, వివరంగా రాస్తాను.

చుట్టిల్లు అంటే గుండ్రటి ఇల్లు. మూల ఉండదు కాబట్టి గాలికి పట్టు దొరకదు. కప్పు మోకాలి ఎత్తు వరకూ దిగి ఉంటుంది, మనిషి వంగి లోపలికి దూరాలి. నడుమ నిట్రాడు, అంటే కప్పు బరువంతా మోసే పెద్ద స్తంభం, పాతాలి. దాని తల మీదికి చుట్టూ గుంజల నుంచి వాసాలు చేర్చి, కొబ్బరితాడుతో కట్టి, పైన తాటాకు కప్పాలి. చెప్పుకుంటే ఇంతే. మేం నిట్రాడును లోతు తక్కువగా పాతాం. మెహరున్ నిచ్చెన ఎక్కి ఆఖరి ఆకు కప్పి, "అయిపోయింది!" అని చేతులెత్తింది. దాలినాయుడు ఏ ఉద్దేశమూ లేకుండా గుంజకు ఆనుకున్నాడు. ఇల్లు ఒక్క నిట్టూర్పు విడిచి ఆయన మీదికి ఒరిగిపోయింది. ఆకుల కిందనుంచి ఆయన గొంతు, "నాను ముందే సెప్పినానా లేదా!"

నూకరత్నం నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. ఇసుకలో కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే ఉన్నట్టుండి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

"శిబిరంలో మూడు పూటలా పెడతారప్పా. మంచిగానే సూస్తారు. వల ముట్టుకోనివ్వరు, అంతే. మా ఆయన పొద్దు పొడిసింది మొదలు మంచం మీద పడుకుని కప్పుకేసి సూస్తాడు. ఆ గదికి సముద్రం వైపు కిటికీ కూడా లేదు. నిన్న నా కూతురు అడిగింది, అమ్మా, అలల సప్పుడు ఆపీసినారా, అని."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి గరుకుగా ఉంది. నాదీ ఈ మధ్య అలాగే తయారవుతోంది.

ఈవేళ మళ్ళీ కట్టాం. నిట్రాడు కోసం భుజం లోతు తవ్వాం. కొబ్బరితాడు తడిపి కడితే ఎండిన కొద్దీ బిగుస్తుందని నూకరత్నం చూపించింది. సాయంత్రం ఈదురుగాలి లేచింది. అందరం లోపల దూరి కూర్చున్నాం. ఇల్లు మూలిగింది, ఊగింది, నిలబడింది. దాలినాయుడు మాత్రం గుమ్మం దగ్గరే కూర్చున్నాడు, పారిపోవడానికి వీలుగా.

నమోదు 6

ఈ పూట జరిగింది కాలనీ మొత్తం విన్నదే, కాబట్టి దాచడానికేమీ లేదు.

అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి కొబ్బరినీళ్ళు తాగలేదు. కాలనీ వాళ్ళందర్నీ చేపల పాకలోకి పిలిపించి, నిలబడే మాట్లాడాడు. తాబేటిదీవి ప్రయాణానికి అనుమతి లేదు. అనుమతి లేకుండా ఎవరైనా వెళితే, మెరక కాలనీకి మండలి ఇస్తున్న రక్షణ గురించి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది. రక్షణ అంటే మా కట్ట. వేసవి పోటుల్లో సముద్రాన్ని మా గుమ్మాల్లోకి రాకుండా ఆపేది అదే.

పాకలో గుసగుసలు లేచాయి. ఎవరో నా పేరు ఎత్తారు. ఒక ముసలావిడ, "పైడమ్మా, నీ పట్టుదలకు మా పిల్లలు మునగాలా?" అని సూటిగా అడిగింది. గొంతు పెద్దదని నాయకురాలినయ్యాను గానీ, ఆ క్షణాన ఆ గొంతు పనికి రాలేదు. ఆవిడ అడిగినదాంట్లో అన్యాయం ఏముంది? మా ఇంట్లోనూ పిల్లలున్నారు. మానేద్దామా అని ఒక్క నిమిషం నిజంగా అనుకున్నాను.

లేచింది దాలినాయుడు.

"బాబూ, నువ్వీ ఈదిలో పుట్టినోడివి. మా యావిడ సేతి గంజి తాగినోడివి. ఒక్క మాట అడుగుతాను, నిజం సెప్పు. మా కాలనీకి అంచనా ఏటి సెప్పింది?"

అధికారి తల దించుకున్నాడు. "అది అందరికీ చెప్పే సంగతి కాదు మావయ్యా."

"మాకు గాక ఎవులికి సెప్తావు? ఇక్కడ పడుకునేది మేం గదా!"

బయట పోటు కట్టను కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన అటే చూస్తూ చెప్పాడు.

"పాతికేళ్ళు. కట్ట ఉన్నా సరే. ఈ ఏడాది నుంచి దానికి మరమ్మతు ఆపేయాలని నిర్ణయం అయిపోయింది. మీరు వెళ్ళినా, వెళ్ళకపోయినా."

"ఎప్పుడు సెబుదామనుకున్నారు?"

ఆయన ఆ మడత నలగని చొక్కాకే చేతులు తుడుచుకున్నాడు.

అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉన్న నూకరత్నం గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె మొహంలో సంతోషం లేదు. "మాకూ ఇలగే సెప్పినారు. అంటే, సెప్పనే లేదు" అంది పోతూ.

నన్ను నిలదీసిన ముసలావిడ కర్ర ఊతంతో లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఆ గుండ్రం ఇల్లు కట్టడం నాకూ సూపించు" అంది. "మనకీ కావాలి గదా."

ఆవిడ వెనక ఒక మనిషి లేచాడు. ఇంకొకామె లేచింది. పగడాలదీవికి పేర్లిచ్చినవాళ్ళలో కొందరు నా మొహం చూడలేక నేల చూస్తూనే వచ్చి నిలబడ్డారు. మొన్న నూకరత్నం అడిగినప్పుడు నా నోట రాని మాట అప్పుడు దొరికింది. ఇది దానం కాదు. మా వంతు వచ్చేదాకా చూస్తూ కూర్చోకపోవడం, అంతే.

చదువుతున్న మండలివారికి స్పష్టంగా రాస్తున్నాను. మేం వెళ్తున్నాం.

నమోదు 7

పడవ నడిపే మెదడుపెట్టె మండలిది. వద్దన్న దిక్కుకు అది తిరగదు. దాలినాయుడు పొద్దున్నే సుత్తీ, రెంచీ పట్టుకుని లోపలికి దిగాడు. మధ్యాహ్నానికి ఆ పెట్టెను ఊడబీకి, తువ్వాల్లో చుట్టి, మండలి కచేరీ గుమ్మంలో పెట్టి వచ్చాడు.

"ఆల్లది ఆల్లకి ఇచ్చీసినాను. దొంగతనం అనకూడదు గదా" అన్నాడు.

ఇప్పుడు పడవకు ఉన్నది తెరచాప, చుక్కాని, ఒక పాత దిక్సూచి. చుక్కాని పట్టడం ఆయన తండ్రి నేర్పాడట, ఇన్నేళ్ళూ దాని అవసరం రాలేదు. మేం మిగతావి ఎక్కించాం. సరుగుడు గుంజలు, తాడు చుట్టలు, గునపాలు, పారలు, నీళ్ళ పీపాలు, ఎండుచేప, అటుకులు. మెహరున్ చిరిగిన దోమతెరకు మాసిక వేసుకుంది. శిబిరానికి గేటు ఉంది గానీ తాళం లేదు. అక్కడివాళ్ళను ఆపింది పడవ లేకపోవడమే. రేపు వాళ్ళలో పని చేయగలవాళ్ళు నడిచి వచ్చి మా పడవ ఎక్కుతారు.

మిగిలిన చిక్కు ఒకటే. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట మీ కాపుపడవలు ఉంటాయి. మనిషి లేని పడవలు. అడ్డం వచ్చి నిలబడితే దాటడం కుదరదు.

"ఆటి సంగతి నాకు తెలుసు" అన్నాడు దాలినాయుడు. "ఓసారి వల సిక్కుకుంటే ఈదుకుంటా దాని పక్కకెళ్ళినాను. బిగుసుకుపోయింది. సెయ్యి తగిలేంత దూరంలో మనిషుంటే కదలకూడదని ఆటికి నేర్పినారు."

ఈ మాట చిట్టాలో రాయడం తెలివైన పని కాదని మెహరున్ అంది. రాస్తాననే అన్నాను. ఆ నేర్పు మార్చడానికి మీకు ఒక్క పూట చాలు, నాకు తెలుసు. మార్చాలంటే, మనిషి పక్కనున్నా ముందుకు పో అని మీలో ఒకరు వాటికి చెప్పాలి. చెప్పండి చూద్దాం.

నమోదు 8

పడవ మీద నుంచి రాస్తున్నాను. పడవ ఊగుతోంది, చిట్టా అడ్డదిడ్డంగా ఉంటే మన్నించండి.

తెల్లవారి పోటు మీద బయల్దేరాం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కాపుపడవలు వరసగా అడ్డం తిరిగి ఉన్నాయి. తెల్లగా, నునుపుగా, పళ్ళ వరసలా. "దయచేసి వెనుదిరగండి" అని ఆడగొంతుతో చెబుతున్నాయి. దాలినాయుడు తెరచాప దించి ఒడ్డు వైపు చూశాడు.

ఒడ్డున కాలనీ అంతా ఉంది. ముందు ఎవరూ కదల్లేదు. అప్పుడు కర్ర పట్టుకున్న ఆ ముసలావిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగింది. ఆవిడ చేయి పట్టుకుని కూతురు, కూతురి చేయి పట్టుకుని ఇంకొకరు. ఇసుక మేట వెంట మోకాలి లోతు, నడుం లోతు, రొమ్ము లోతు. ఈత వచ్చినవాళ్ళు లోతున్న చోటికి పోయారు. శిబిరం నుంచి వచ్చి పడవలో చోటు చాలక ఉండిపోయినవాళ్ళు, మంచం దిగని నూకరత్నం మొగుడితో సహా, నీళ్ళలోనే ఉన్నారు. ఒక్కో కాపుపడవ చుట్టూ చేతులు గొలుసుకట్టారు.

పడవలు బిగుసుకుపోయాయి. "దయచేసి దూరంగా జరగండి" అంటున్నాయి. ఎవరూ జరగలేదు. ఒక అల వచ్చి అందరినీ ఎత్తి దించింది, ఎవరో ఉప్పునీళ్ళు మింగి దగ్గారు, గొలుసు తెగలేదు. మండలి నుంచి ఆ పడవలకు ఏ ఆజ్ఞా రాలేదు. రాకపోవడానికి కారణం మీకే తెలియాలి. నీళ్ళలో ఉన్నవాళ్ళలో మడత చొక్కా ఒకటి ఉందేమో నేను చూడలేదు. చూడలేదనే రాస్తున్నాను.

"బేగి! బేగి తియ్యండి!" అని దాలినాయుడు అరిచాడు. నూకరత్నం, నేను, మెహరున్ తాడు పట్టుకుని లాగాం. తెరచాప గాలి పోసుకుంది. రెండు తెల్లపడవల నడుమ, మనుషుల తలల పక్కనుంచి, మా పడవ సముద్రంలోకి జారింది. ఎవరో తడిచేత్తో పడవ పక్కను చరిచారు, ఎద్దును పొలానికి తోలినట్టు.

దాలినాయుడు చుక్కాని పట్టుకుని ఏడుస్తున్నాడు. అడిగితే కళ్ళలో ఉప్పు పడిందన్నాడు.

నమోదు 9

తాబేటిదీవి.

దూరం నుంచి చూస్తే కొబ్బరిచెట్లు కూడా సగం విరిగి, అరిగిపోయిన దువ్వెనలా ఉంది. నూకరత్నం పడవ ముందుభాగాన నిలబడింది. లోతు తగ్గగానే దూకి, మొల లోతు నీళ్ళలో పరిగెత్తింది.

ముసలివాళ్ళు ఒడ్డుకు రాలేదు. నాకు భయం వేసింది. ఇంత దూరం వచ్చి, చూడకూడనిది చూడాల్సి వస్తుందా అనుకుంటూ ఇసుక దిబ్బ ఎక్కాను.

అవతల మెరక మీద వాళ్ళంతా ఉన్నారు. వంగి పని చేసుకుంటున్నారు. ఎండకు నల్లబడి, చిక్కిపోయి, చేతుల్లో కొబ్బరిచిప్పలూ విరిగిన పారలూ. వాళ్ళ ముందు నేల మీద గుంటలు. ఒక్కో చోట నడుమ ఒక పెద్ద గుంట, దాని చుట్టూ గుండ్రంగా చిన్నవి. ఒక ఇంటికి, పక్కన ఇంకో ఇంటికి, దాని పక్కన ఇంకో ఇంటికి, మెరక చివరిదాకా. గుంజలు ఎత్తే బలం వాళ్ళకు లేదు. ఎవరైనా వస్తారని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అయినా కూలిపోయిన ప్రతి ఇంటికీ గుంటలు తవ్వి ఉంచారు.

నడుం లోతు గుంటలో నిలబడి మట్టి తోడుతున్న ఒక ముసలమ్మ తలెత్తి మమ్మల్ని చూసింది. ఆశ్చర్యపోలేదు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మా వెనక ఉన్న పడవనూ, దాంట్లోని గుంజలనూ చూసింది.

"ఒచ్చినారా?" అంది. "సూస్తారేటి అలగ? నన్ను పైకి లాగండి. ఇందులో నిట్రాడు దించాలి."